టోల్కీన్ లోకం టీవీలో కంటే కార్డుల పెట్టెలోనే పదిలంగా ఉందనిపిస్తోంది. మీరేమంటారు?

తూరుపుకొండ
శుక్రవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా మనసులో మెదులుతున్న మాట ఇది. కాస్త పొడవుగా రాస్తున్నాను, ఓపిక పట్టండి.

టోల్కీన్ నవల లార్డ్ ఆఫ్ ద రింగ్స్ మొదటిసారి చదివింది ఇంటర్ సెలవుల్లో. అప్పటి నుంచి ఆరుసార్లు చదివాను. పీటర్ జాక్సన్ 2001 నుంచి 2003 దాకా తెచ్చిన మూడు సినిమాల్లో నాకు మాటలన్నీ కంఠతా వచ్చు. అదే లోకం మీద 2022లో మొదలైన రింగ్స్ ఆఫ్ పవర్ టీవీ సిరీస్‌నూ వదల్లేదు. అయితే ఆ పుస్తకం చదువుతున్నప్పుడు గుండె మీద కూర్చునే బరువు నాకు మళ్లీ తగిలింది తెర ముందు కాదు, ఒక కార్డుల ఆటలో. ఫాంటసీ ఫ్లైట్ గేమ్స్ 2011లో తెచ్చిన లార్డ్ ఆఫ్ ద రింగ్స్ కార్డ్ గేమ్ అది. రూపకర్త నేట్ ఫ్రెంచ్.

తెలియనివారి కోసం కొంచెం వివరం. ఇందులో ఎదుటి ఆటగాడు ఉండడు. మనమంతా ఒక పక్క, కలిపి బోర్లా పెట్టిన కార్డుల దొంతర మరో పక్క. ఒంటరిగా కూడా ఆడవచ్చు. ముగ్గురు వీరులను ఎంచుకుంటాం. ఒక్కో వీరుడి కార్డు మీద ఒక అంకె ఉంటుంది. అతణ్ని వెంటబెట్టుకుంటే శత్రువు కంట ఎంతగా పడతామో ఆ అంకె చెబుతుంది. అరగార్న్‌కు 12, థియోడ్రెడ్‌కు 8, గ్లోయిన్‌కు 9. మొత్తం 29 ముప్పుతో బయలుదేరతాం. ప్రతి విడత చివరా అది ఒకటి పెరుగుతుంది. మనం ఏ తప్పూ చేయకపోయినా పెరుగుతుంది. 50కి చేరితే ఆట ముగిసినట్టే.

చూడటానికి ఇది లెక్క. నాకు మాత్రం ఇదే కథలోని దుష్ట ప్రభువు సౌరాన్ కన్ను. హిల్ ట్రోల్ అని ఒక రాక్షసుడి కార్డు ఉంది, దాని మీద 30 అని ఉంటుంది. మన ముప్పు ముప్పైకి చేరేదాకా అది మన జోలికి రాదు. 29తో బయలుదేరినవారికి అది ముందే ఎదురైతే ఒక్క విడత గడువు. ఆ విడతంతా దాన్ని కళ్లెదుట పెట్టుకుని ఎవరిని అడ్డు నిలబెట్టాలా అని ఆలోచించాలి. దాని దెబ్బ 6. గ్లోయిన్ నిలబడితే చనిపోతాడు. అరగార్న్ నిలబడితే కాచుకోగా నాలుగు తగిలి, అయిదు ప్రాణాల్లో ఒక్కటి మిగులుతుంది. మొదటిసారి ఈ లెక్క వేసుకున్న రాత్రి కార్డు పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను.

ఇక మాంత్రికుడు గాండాల్ఫ్. అయిదు నాణేలు పోస్తే వస్తాడు. ముగ్గురు వీరులకూ కలిపి విడతకు మూడే నాణేలు పుడతాయి కాబట్టి ఆయన కోసం ముందు నుంచే కూడబెట్టాలి. వస్తూనే మూడు కార్డులు ఇస్తాడు, లేదా ఒక శత్రువును నాలుగు దెబ్బలు కొడతాడు, లేదా మన ముప్పును అయిదు తగ్గిస్తాడు. ఆ విడత ముగియగానే వెళ్లిపోతాడు. ఆపడానికి లేదు. పుస్తకమంతా ఆయన చేసేది ఇదే కదా! అందరికీ సాయం అవసరమైన వేళ వస్తాడు, నిలబెడతాడు, వేరే పని మీద వెళ్లిపోతాడు.

ఈ ఆటలో కథ చెప్పే వాక్యాలు చాలా తక్కువ. అయినా టోల్కీన్ రాసిన అలసట, గడువు, త్యాగం అన్నీ ఉన్నాయి. కోట్ల డాలర్లు పోసి తీసిన సిరీస్‌లో నాకు అవి దొరకలేదు. మీకు ఎలా అనిపించింది?

వెన్నెలబాట
శుక్రవారం, రాత్రి 10:25

తూరుపుకొండ గారూ, గాండాల్ఫ్ గురించి మీరు రాసింది చదివి ముచ్చటేసింది. కానీ మీ అసలు మాటతో నేను ఏకీభవించలేను.

మీకు ఆ కార్డు పట్టుకోగానే గుండె బరువెక్కిందంటే అందుకు కారణం మీరు అప్పటికే ఆరుసార్లు చదివి ఉండటం. కార్డు మీద థియోడ్రెడ్ అని పేరు ఉంటే, అతను థియోడెన్ రాజు కొడుకని, నది రేవు దగ్గర చనిపోతాడని మీకు తెలుసు. తెలియనివారికి అది ఒక బొమ్మ, నాలుగు అంకెలు.

మా అమ్మ ఇంగ్లీషు చదవలేదు. ఆ పుస్తకం మా ఇంట్లో పదిహేనేళ్లుగా ఉన్నా ఆమె ముట్టుకోలేదు. రింగ్స్ ఆఫ్ పవర్ తెలుగు డబ్బింగుతో వచ్చినప్పుడు మొదటిసారి నా పక్కన కూర్చుని ఆ లోకం చూసింది. గనిలో మరుగుజ్జులు కూరుకుపోయినప్పుడు వాళ్ల యువరాణి డీసా కొండకు పాట పాడుతుంది, తమవాళ్లను విడిచిపెట్టమని. అమ్మ చేతిలో పని ఆపేసి చూసింది. "రాయిని కూడా అడిగి తీసుకోవాలి, లాక్కోకూడదు" అంది. టోల్కీన్ కూడా ఈ మాటకు సంతోషించేవాడని నా నమ్మకం.

పుస్తకంతో పోల్చి చూసేవారికి తప్పులు కనిపిస్తాయి, నిజమే. అయితే పుస్తకం దగ్గరికి ఎప్పటికీ వెళ్లలేనివారి సంగతి కూడా చూడాలి.

పాతసంచిక
శనివారం, ఉదయం 6:15

వెన్నెలబాట గారి అమ్మగారి మాట బాగుంది. చదివి మా ఆవిడకు కూడా వినిపించాను.

నేను చందమామతో పెరిగినవాణ్ని. 1950లలో దాసరి సుబ్రహ్మణ్యం గారి ధారావాహికలు మొదలయ్యాయి: తోకచుక్క, మకరదేవత, కంచుకోట. నేను పుట్టే నాటికే అవి పాతబడినా, మా మేనమామ బైండు చేయించి దాచిన సంచికల్లో చదివాను. చిత్రా గారి బొమ్మల్లో కత్తి పట్టిన చెయ్యి, వెనకాల గుహ నోరు, చెట్టు కొమ్మ మీద గుడ్లగూబ. ఇంగ్లండులో టోల్కీన్ మూడు సంపుటాలూ 1954, 55లలో వెలువడుతున్న ఆ దశాబ్దంలోనే ఇక్కడ మన పిల్లలు మాంత్రికుల వెంట, రాకాసి లోయల వెంట నడిచారు. ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా జరిగిన ఈ పని నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఆ కథల బలంలో సగం నెల రోజుల ఎదురుచూపులో ఉండేది. వీరుడు కొండ అంచున వేలాడుతుండగా కథ ఆగేది. అతను నెలంతా అలాగే వేలాడేవాడు, మేమూ వేలాడేవాళ్లం. బైండు పుస్తకంలో తర్వాతి పేజీ చేతిలోనే ఉన్నా, మామయ్య రోజుకు ఒక్క భాగమే చదవనిచ్చేవారు. ఆయన చేసింది ఎంత గొప్ప పనో ఇప్పుడు తెలుస్తోంది. ఒక్కో విడతకు ఒక్కటి పెరిగే ముప్పు గురించి తూరుపుకొండ గారు రాసింది చదివితే ఆ ఎదురుచూపే గుర్తొచ్చింది.

తూరుపుకొండ
శనివారం, ఉదయం 8:05

వెన్నెలబాట గారూ, అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి. ఆ పాట సన్నివేశం నాకూ ఇష్టమే. మరుగుజ్జుల భాగాలు ఆ సిరీస్‌లో అన్నింటికంటే బాగున్నాయి.

నా అభ్యంతరం చిన్న చిన్న మార్పుల మీద కాదు. ఒక్కటి మాత్రం చెబుతాను, ఆ కథలోని మాయా ఉంగరాలు తయారైన వరుస. పుస్తకం వెనక ఉన్న అనుబంధాల ప్రకారం ఆ లోకపు రెండో యుగంలో సుమారు 1500లో ఉంగరాల పని మొదలవుతుంది. తక్కినవి సౌరాన్ నేర్పిన విద్యతో, అతని సాయంతో తయారవుతాయి. ముసలితనం రాని ఎల్ఫుల మూడు ఉంగరాలను మాత్రం కెలెబ్రింబోర్ అనే ఎల్ఫు కమ్మరి ఒక్కడే, సౌరాన్ చెయ్యి తగలకుండా, సుమారు 1590లో చేస్తాడు. అవి చివరివి. తర్వాత పదేళ్లకు సౌరాన్ తన ఉంగరం పోతపోస్తాడు. ఆ మూడింటి మీద అతని చెయ్యి పడలేదన్న ఒక్క సంగతి మీదనే ఎల్ఫుల పెద్దలు ఎల్రాండ్, గలాద్రియెల్ వేల ఏళ్లు బతుకుతారు. ఆ చేతి స్పర్శ లేకపోయినా విద్య అతనిది కాబట్టి చివరికి వాటి శక్తీ పోతుంది. అదే వాళ్ల విషాదం.

సిరీస్‌లో మూడు ఉంగరాలూ ముందే తయారవుతాయి. వరుస మారింది కాబట్టి బరువూ మారింది. న్యూమెనార్ అనే ద్వీపరాజ్యం సముద్రంలో మునిగేది 3319లో. అంటే ఉంగరాలకూ ఆ ప్రళయానికీ మధ్య పదిహేడు వందల ఏళ్లు. దాన్నంతా ఒకే మనుషుల జీవితకాలంలోకి కుదించారు. టీవీకి ఆ అవసరం ఉండవచ్చు. కానీ టోల్కీన్ రాసిందే కాలం గురించి. కాలాన్ని తీసేస్తే ఇంకేం మిగులుతుంది?

అయిదురంగులు
శనివారం, ఉదయం 11:30

డాలస్ నుంచి రాస్తున్నాను. పన్నెండేళ్లుగా మ్యాజిక్: ద గ్యాదరింగ్ అనే కార్డుల ఆట ఆడుతున్నాను, శుక్రవారం సాయంత్రమైతే దగ్గర్లోని ఆటల దుకాణంలోనే ఉంటాను. తూరుపుకొండ గారి మాటకు నా వైపు నుంచి ఒక సాక్ష్యం.

రిచర్డ్ గార్ఫీల్డ్ రూపొందించిన మ్యాజిక్ 1993లో వచ్చింది. ఆటగాడికి ఇరవై ప్రాణాలు, అరవై కార్డులు, తెలుపు, నీలం, నలుపు, ఎరుపు, పచ్చ అనే అయిదు రంగులు. 2023 జూన్‌లో టోల్కీన్ లోకం మీద ఒక సెట్, అంటే కొత్త కార్డుల వరుస, తెచ్చారు. ప్రకటించినప్పుడు నాకు నచ్చలేదు. మ్యాజిక్‌కు సొంత లోకాలు ఉండగా అరువు లోకం ఎందుకనిపించింది. ద వన్ రింగ్ కార్డు చేతికి వచ్చాక నా మాట మార్చుకున్నాను.

అది బల్ల మీదికి దిగగానే మన తర్వాతి వంతు దాకా ఎవరూ మనల్ని ఏమీ చేయలేరు. అచ్చంగా ఉంగరం తొడిగి మాయమైనట్టే. తర్వాత దాన్ని వాడిన ప్రతిసారీ దాని మీద ఒక భారం గుర్తు పడుతుంది, ఎన్ని గుర్తులుంటే అన్ని కార్డులు తీసుకోవచ్చు. మొదట ఒకటి, తర్వాత రెండు, ఆ తర్వాత మూడు. చెయ్యి నిండిపోతుంది. అయితే మన ప్రతి వంతు మొదట్లో ఎన్ని భారాలుంటే అన్ని ప్రాణాలు పోతాయి. వాడకపోతే ఓడిపోతామేమోనన్న భయం, వాడితే పోతామన్న ఎరుక. దాన్ని నాశనం చేయడమూ తేలిక కాదు.

ఒక రాత్రి ఆటలో నా ప్రాణాలు నాలుగు, దాని మీద భారాలు మూడు. వాడకుండా ఊరుకుంటే ఇంకో వంతు బతుకుతాను. వాడితే నాలుగు కార్డులు వస్తాయి, వాటిలో గెలిపించేది లేకపోతే తర్వాతి వంతు మొదట్లోనే చచ్చిపోతాను. వాడాను, చచ్చిపోయాను. కారు నడుపుకుంటూ ఇంటికి వెళుతుంటే ఓడిపోయానన్న బాధ లేదు, ఉంగరానికి ఆశపడ్డ బోరోమిర్ నాకు మొదటిసారి అర్థమయ్యాడు. కథలో అతని మీద నాకు కోపం ఉండేది. ఇప్పుడు లేదు.

ఆ కార్డు ఎంత బలంగా ఉందంటే 2024 డిసెంబరులో మోడర్న్ పద్ధతి పోటీల నుంచి నిషేధించారు. ఆ నిర్ణయం సరైనదే. ప్రతి ఆటగాడి కార్డుల కట్టలోనూ, అంటే డెక్‌లోనూ, అదే ఉంటే ఆట చచ్చిపోతుంది.

నీలికొమ్మ
శనివారం, మధ్యాహ్నం 12:10

అయిదురంగులు అన్నా, మ్యాజిక్‌లో మన దేశం పోలికలతో ఒక లోకం ఉందని విన్నాను. నిజమేనా?

అయిదురంగులు
శనివారం, మధ్యాహ్నం 1:45

నిజమే తమ్ముడూ. 2016లో కలదేశ్ పేరుతో సెట్ వచ్చింది. యంత్రాలు తయారుచేసే ఊళ్లు, ఇత్తడి నగిషీలు, చీరకట్టును తలపించే దుస్తులు. ఆ లోకపు అమ్మాయే చంద్ర నలార్, మ్యాజిక్‌లో బాగా పేరున్న పాత్రల్లో ఒకరు. ఆమె మంత్రం నిప్పు. చల్లదనానికి మారుపేరైన చంద్ర అన్న పేరు నిప్పు మంత్రగత్తెకు పెట్టడం మన చెవికి కొత్తగా ఉంటుంది. నాకు మాత్రం అది ఇష్టం, అమ్మ పెట్టిన పేరును కాదని పెరిగిన పిల్లలా ఉంటుంది.

లోకం పేరుతోనే చిక్కు. ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే అది కళాదేశమో, హిందీలో నల్లదేశమో తెలియదు. తర్వాత ఆ లోకానికి అవిష్కార్ అని పేరు మార్చారు. మన ఆవిష్కారమే. కొత్తవి కనిపెట్టేవాళ్ల ఊరికి ఇంతకన్నా తగిన పేరు లేదు. ఆ కార్డులు విప్పిన రోజు, దుకాణంలో నా ఎదుట కూర్చున్నవారికి పేర్లు ఎలా పలకాలో నేను చెప్పాను. అన్నేళ్లలో అక్కడ ఎవరైనా నన్ను పేర్లు పలకడం గురించి అడిగింది ఆ రోజే.

ఏడోచక్రం
శనివారం, సాయంత్రం 5:20

ఇంత మంచి చర్చలో వీల్ ఆఫ్ టైమ్ నవలల ప్రస్తావన లేకపోవడం నాకు కష్టంగా ఉంది.

రాబర్ట్ జోర్డాన్ 1990లో మొదలుపెట్టాడు. 2007లో పుస్తకాలు పూర్తికాకుండానే కన్నుమూశాడు. ఆయన భార్య, సంపాదకురాలు కూడా అయిన హ్యారియట్, బ్రాండన్ శాండర్సన్‌ను ఎంచుకుని ఆ బాధ్యత అప్పగించారు. జోర్డాన్ మిగిల్చిన రాతల ఆధారంగా మూడు పుస్తకాలు వచ్చాయి. పద్నాలుగోది 2013లో. నేను 2004 నుంచి ఎదురుచూసినవాణ్ని. చివరి పుస్తకం చేతికి వచ్చిన రోజు ఆఫీసుకు సెలవు పెట్టాను. కాలం చక్రంలా తిరుగుతుందని, యుగాలు వచ్చి పోతాయని, మళ్లీ అవే మనుషులు పుడతారని చెప్పే కథ అది. యుగాల లెక్క వింటూ పెరిగిన మనకు ఆ మొదటి పేజీ ఎంత దగ్గరగా ఉంటుందో వేరే చెప్పాలా!

టీవీ సిరీస్ 2021లో వచ్చింది. మొదటి సీజన్ నాకు నచ్చలేదు, మూడోది చాలా బాగుంది. కథానాయకుడు రాండ్ ఎడారి నగరానికి వెళ్లి, తన పూర్వీకుల కళ్లతో వెనక్కి వెనక్కి కాలాన్ని చూసే భాగాన్ని పుస్తకానికి తగ్గట్టుగానే తీశారు. సరిగ్గా దారిలో పడిందనుకుంటుండగా 2025 మేలో ఆపేస్తున్నట్టు ప్రకటించారు. మూడు సీజన్లు, ఇరవై నాలుగు ఎపిసోడ్లు, పద్నాలుగు పుస్తకాల కథ. రచయిత చనిపోయినా పుస్తకం పూర్తయింది. అందరూ బతికే ఉండి సిరీస్ ఆగిపోయింది. అందుకే నేను ఎప్పుడూ పుస్తకం పక్షమే.

వెన్నెలబాట
శనివారం, రాత్రి 8:50

ఏడోచక్రం గారూ, ఎడారి నగరం ఎపిసోడ్ నేను రెండుసార్లు చూశాను. ఆపేసినందుకు నాకూ కోపం ఉంది.

ఇంకా ముగియని పుస్తకం సంగతి కూడా ఉంది మరి. గేమ్ ఆఫ్ థ్రోన్స్ కథ రాసిన మార్టిన్ అయిదో పుస్తకం 2011లో వచ్చింది, ఆరోదాని కోసం ఇప్పటికీ చూస్తున్నాం. గేమ్ ఆఫ్ థ్రోన్స్ సిరీస్ అదే 2011లో మొదలై 2019లో ముగిసింది. ముగింపు బాగాలేదని నేనూ అంటాను. తూరుపుకొండ గారు చెప్పే బరువు, అంటే ప్రతిదానికీ చెల్లించే ధర, అన్న మాటతోనే అది ఎందుకు బాగాలేదో నాకు ఇప్పుడు తెలిసింది. మొదటి సీజన్లో రాజు ఉత్తరాదికి రావాలంటే నెల పట్టేది. దారిలో గొడవలు జరిగేవి, మనుషులు మారిపోయేవి, సత్రంలో ఒక్క పూట ఆగితే యుద్ధానికి కారణమయ్యేది. చివరి సీజన్లకు వచ్చేసరికి ఎవరు ఎక్కడ కావాలంటే అక్కడ ఉన్నారు. దూరానికి విలువ పోగానే ఆ లోకం చిన్నదైపోయింది.

కాబట్టి తూరుపుకొండ గారి వాదనలో సగం ఒప్పుకుంటున్నాను. తప్పు టీవీది కాదు. ధర కట్టడం మరచిపోయిన రచనది. మొదటి నాలుగు సీజన్లూ టీవీయే కదా?

పాతసంచిక
ఆదివారం, ఉదయం 6:40

ధర అనగానే రచయిత్రి ఉర్సులా లె గ్విన్ గుర్తొచ్చారు. ఆమె ఎర్త్‌సీ నవలల్లో మొదటి పుస్తకం 1968 నాటిది. అందులో ప్రతి మనిషికీ, ప్రతి రాయికీ ఒక అసలు పేరు ఉంటుంది. అది తెలిసినవారికి దాని మీద అధికారం వస్తుంది. అందుకే ఎవరూ తమ అసలు పేరు చెప్పరు, ప్రాణంలా నమ్మినవారికి తప్ప. మా ఇళ్లల్లో పిలిచే పేరు వేరు, నక్షత్రాన్ని బట్టి బారసాలనాడు పెట్టిన పేరు వేరు. మా నాన్నగారి జన్మనామం ఆయన పోయాక కర్మకాండలో పురోహితుడు అడిగినప్పుడు గానీ నాకు తెలియలేదు. ఆ పేరు పైకి పలికిన క్షణం నాకు ఎర్త్‌సీలో ఏ మంత్రం కంటే కూడా పెద్దది.

ఆ పుస్తకంలో కథానాయకుడు గెడ్ ఎర్రటి గోధుమ రంగువాడు. 2004లో టీవీకి తీసినప్పుడు తెల్లవాణ్ని పెట్టారు. లె గ్విన్ గట్టిగా నిరసన రాశారు. అది వట్టి రంగు సంగతి కాదు, ఆ దీవుల మనుషులు ఎవరన్నది ఆమె ఆలోచించి రాసుకున్న విషయం.

తూరుపుకొండ
ఆదివారం, రాత్రి 9:15

పాతసంచిక గారూ, నాన్నగారి పేరు గురించి మీరు రాసింది రెండుసార్లు చదివాను.

వెన్నెలబాట గారు మొదట అన్న మాట, పుస్తకం తెలియనివారికి ఆ కార్డులు అంకెలేనన్నది, నిన్నంతా నన్ను వదల్లేదు. అందుకే ఈ రోజు మా అక్క కొడుకుతో ఆడాను. పన్నెండేళ్లు, పుస్తకం చదవలేదు, సినిమాలూ చూడలేదు. వాడికి ఎయోవిన్, ఎలినార్, డూన్‌హెరె అనే వీరులు ఉన్న డెక్ ఇచ్చాను, 24 ముప్పుతో బయలుదేరేది. నేను అరగార్న్ బృందం తీసుకున్నాను. మిర్క్‌వుడ్ అడవి దాటే మొదటి యాత్ర.

చివరి విడతకు నా పక్క అంతా చితికిపోయింది. ముందుకు నడవడానికి ఒక్క సంకల్పబలం తక్కువైంది. ఎయోవిన్‌కు అప్పటికే 4 ఉంది, పెట్టెలో అంత సంకల్పం ఉన్నవారు అరుదు. చేతిలోని ఒక కార్డు పారేస్తే ఆమెకు ఇంకొకటి పెరుగుతుంది. నా చేతిలో ఒక్క కార్డూ లేదు. వాడి చేతిలో ఒకే కార్డు ఉంది. అది గాండాల్ఫ్. రెండు విడతలుగా ఆయన కోసం నాణేలు కూడబెడుతున్నాడు, ఇంకొక్కటి తక్కువ.

వాడు ఆ కార్డును చాలాసేపు చూశాడు. నేను ఏమీ చెప్పలేదు. చివరికి బల్ల మీద పెట్టి, "మామయ్యా, ఈయన రాకపోయినా ఈమె వెళ్లగలదు" అన్నాడు.

ఎయోవిన్ ఎవరో, ఎవరు ఆమెను వెళ్లవద్దన్నారో, చివరికి ఎవరి ఎదుట నిలబడిందో వాడికి తెలియదు. అయినా పుస్తకంలోని ఆమె మాటను వాడు సొంతంగా కనుక్కున్నాడు. గెలిచాం. రాత్రి భోజనం దగ్గర ఆమె గురించి చెప్పమని అడిగాడు, చెప్పాను. ఇప్పుడు మొదటి సంపుటం వాడి బడి సంచిలో ఉంది.

వెన్నెలబాట
ఆదివారం, రాత్రి 10:05

ఇది చదివాక నాకు ఇంకేమీ వాదించాలని లేదు. వచ్చే వారం మా ఊరు వెళ్లినప్పుడు అమ్మతో ఆడి చూస్తాను. మా వీధిలో పేకాట బాగా తెలిసింది ఆమెకే, ముక్కలు కలిపితే చేతులు కనిపించవు. కార్డుల మీది ఇంగ్లీషు నేను చదివి చెబుతాను. ముందే ఒక సందేహం: గాండాల్ఫ్‌ను అలా పారేస్తే ఆ ఆటలో ఇక రాడా? అమ్మ తప్పకుండా అడుగుతుంది.

తూరుపుకొండ
ఆదివారం, రాత్రి 10:20

ఆ కార్డు మామూలుగా అయితే తిరిగి రాదండీ. కానీ ఒక డెక్‌లో ఒకే కార్డును మూడు ప్రతుల దాకా పెట్టుకోవచ్చు. అమ్మగారి డెక్‌లో మూడు గాండాల్ఫ్‌లు పెట్టండి. కార్డుల మీది మాటలు తెలుగులో రాసుకున్న కాగితాలు నా దగ్గర ఉన్నాయి, మేనల్లుడి కోసం రాసినవి. వాటిని ఫోటో తీసి రేపు పంపుతాను.